గళ్ళు సాగిన రోజు

మంగళవారం. కరెంటు ఇంకా రాలేదు.
ఏకాంబరకుప్పంలో మగ్గాలన్నీ నోరు మూసుకొని ఉండాయి.
ఫోను తెరిస్తే
మా పేజీ మాది కాదు.

నిన్న రాత్రి దాకా చదరాలే.
అడ్డం మూడు, నిలువు ఎన్నంటే అన్ని.
ఒక గడిలో లుంగీ, పక్కన ఉత్త రంగు, దాని పక్కన ధర,
మళ్ళా లుంగీ.
చెయ్యి చాపి దూరంగా పట్టుకొని చూస్తే
పేజీ మొత్తం ఒకే గళ్ళ లుంగీ అయ్యేట్టు
ఎనిమిది నెలలు పేర్చినా.
నీలం పక్కన ఎరుపు పడకూడదని
ఆడికృత్తిక పోస్టు ఒకటి మూడు రోజులు ఆపినా.

పొద్దున్నకి గళ్ళు సాగినాయి.
తడిపి, పిండకుండా, ఒక్క కొసన దండేనికి వేలాడదీసినట్టు
ప్రతి గడీ నిలువుకి లాగుకుంది.
'వళ్ళి మార్కు'లో వ పోయింది, ర్కు పోయింది.
రెండొందల నలభైలో ముందంకె తెగి
నలభై మిగిలింది.
నలభైకే లుంగీనా అని
పుత్తూరు నుంచి అప్పుడే ఒకాయన ఫోను.

ఏలుమలై అన్న కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూసినాడు.
"ఎవురుమా కోసింది?"
ఎవరో అన్నా. మన పేరు కూడా తెలియనోళ్ళు.
"చెప్పకుండానా?"
చెప్పకుండానే.
"రోడ్డు తవ్వేవాళ్ళ మాదిరే ఉండారే" అని
టీకి పోయినాడు.

ఆరో మగ్గం కింద తాయమ్మ అచ్చు అతుకుతా ఉంది.
అయిపోయిన పడుగు కొసకి కొత్త పడుగు పోగు,
బూడిద అంటిన బొటనవేలితో ఒక్క మెలి.
ఇంకో పోగు. ఇంకో మెలి.
రెండువేల నాలుగొందల పోగులు.
ఒక్కటి తప్పినా గుడ్డ పొడుగునా గీత పడతాది.
కరెంటు ఉన్నా లేకపోయినా ఆమె పనికి ఒకటే.

బాబిన్ల పెట్టె మీద, ఆమె పక్కనే కూర్చున్నా.
నాకు రెండొందల పద్నాలుగు పోస్టులు.
తెరవాల, పాత ఫోటో వెతకాల,
కొత్త కొలతకి కూర్చోబెట్టాల,
అక్షరాల్ని అంచు నుంచి నడుముకి జరపాల.
ఇంకోటి తెరవాల.

ఫోటోలన్నీ నిలువుగానే తీసినవి.
చదరం కోసం పైనా కిందా కోసింది నేనే,
మర్చిపోయినా.

అరవై ఏడోది.
మెరూన్ గళ్ళు, మగ్గం మీద సగం నేసిన గుడ్డ.
కింద, నేను కోసేసిన చోట,
రెండు పాదాలు, అరిగిన మెట్టెలు,
పోగుల నడుమ నుంచి ఒక చెయ్యి.
డెబ్బై రెండులో అదే చెయ్యి.
నూట పదిలో సగం మొగం, పళ్ళ మధ్య దారం.

ఎనిమిది నెలలు,
ఎవరు కోసినారని అడిగే మనిషి లేక,
ఈమె ఈడే ఉంది.

ఫోను చూపించినా.
చేతి బూడిద కొంగుకి తుడుచుకొని శానాసేపు చూసింది.
"చెప్పుంటే కాళ్ళన్నా కడుక్కొని ఉందును కదమ్మా."
తీసేయమంటావా?
"ఉండనీ. మెట్టెలు బాగా పడినాయి."

పదకొండుకి కరెంటొచ్చింది.
మిగతా మగ్గాలన్నీ ఒక్కసారిగా అరిచినాయి.
ఆ మోతలోనే ఆమె నోరు పెద్దది చేసి అడిగింది,
"మళ్ళా మారుస్తారా వాళ్ళు?"
మారుస్తారు! నేనూ అరిచినా.
చేతి కింద పాత పడుగు కొస చూపించింది,
జానెడు, నేతకి పనికిరానిది,
ఎవరూ కోయనిది.
"అయితే వదలాల కొంచెం."

ఇప్పుడు ప్రతి బొమ్మకీ నాలుగు పక్కలా
రెండు వేళ్ళ జాగా వదుల్తా ఉండా.
ఇంత ఖాళీ ఎందుకు దండగ అంటాడు ఏలుమలై అన్న.
ధర మాత్రం నట్టనడుమ పెట్టించినాడు.

పుత్తూరు ఆయన శుక్రవారం వచ్చినాడు,
నగరిలో బస్సు దిగి, ఎండలో నడిచి,
ఫోనులో పాత గడి చూపిస్తా, నలభై అంటా.
గంటసేపు బేరం.
మెరూన్‌ది రెండొందల ఇరవైకి తెగింది.